రెండో నాలుక బద్ద

కళ్యాణదుర్గంలో కుళాయికి నీళ్లు వదిలే రోజంటే వనజాక్షికి పండగా, యుద్ధమూ ఒకటే. తెల్లవారకముందే వేపపుల్ల నోట్లో పెట్టుకుని, ఒక చేత్తో పైపు, ఇంకో చేత్తో బిందె పట్టుకుని డ్రమ్ములన్నీ నింపాలి. పళ్లు తోముకున్నాక పుల్లను నిలువునా చీల్చి, ఆ బద్దతో నాలుక గీసుకోవడం ఆ ఇంటి అలవాటే. కానీ డ్రమ్ము పొర్లిపోతుంటే ఎవరికి తీరిక? ఆమె చీల్చకుండానే పుల్లను గోడవతలకి విసిరేసేది.

ఆ ఉదయం కూడా నీళ్లు పట్టడమే ఆమె ఆలోచన. పెరట్లో అద్దం ముందు భర్త సురేంద్ర కనిపించాడు. విత్తనాల అంగడి నడిపే ఆ మనిషికి పెళ్లయినప్పటి నుంచి వేపపుల్ల తప్ప వేరేది తెలియదు. ఇప్పుడు చేతిలో తళతళలాడే స్టీలు బద్ద. నాలుక బయటపెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, వీధంతా వినపడేలా గీస్తున్నాడు.

"నాలిక గీసుకుంటే ఎంత హాయిగా ఉండాదో వనజా," అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

"ఎవరికి సూపించేదానికప్పా అంత సింగారం?"

సురేంద్ర ఏదో చెప్పబోయి, నోరు పుక్కిలించి వెళ్లిపోయాడు. వనజాక్షికి ఆ మింగేసిన మాట మీదే అనుమానం పుట్టింది.

చొక్కా ఉతకబోతే జేబులో ఇంకో బద్ద దొరికింది. కొత్తది, గులాబీ రంగు పిడి, కవరు కూడా విప్పలేదు. మర్నాడు అది అంగడి సంచిలోకి మారింది. ఆ మర్నాడు అన్నం క్యారియరు అడుగున కనిపించింది. ఎవరికో ఇవ్వాలని తీసుకెళ్లి, ఇవ్వలేక వెనక్కి తెస్తున్నాడని ఆమె తేల్చుకుంది. మల్లెపూలో, చీరో అయితే ఏడ్చి ఊరుకోవచ్చు. నాలుక బద్ద ఇచ్చుకునేంత చనువంటే వ్యవహారం ఎంత దూరం పోయిందో!

పక్కింటి తిమ్మమ్మతో గోడ దగ్గర చెప్పుకుంది. తిమ్మమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వింది. తన కష్టానికి కరిగిపోయిందనుకుంది వనజాక్షి.

"మా చిన్నాయన గూడా ఇట్లే మొదలుపెట్టినాడు," అంది తిమ్మమ్మ. "ముందు నాలిక, ఆ పైన మీసానికి రంగు, ఆ పైన బళ్లారి. మళ్ల రాలేదు."

ఆ సాయంత్రం సురేంద్ర అంగడి మూయగానే వనజాక్షి షేర్ ఆటోలో వెనకాలే పోయింది. అతను బస్టాండు పక్కన ఒక అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. పైన బోర్డు చదివే ఓపిక ఆమెకు లేదు, ఆమె కళ్లు తలుపు మీదే ఉన్నాయి. లోపల ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. నవ్వి, అతనికేసి నాలుక చాపింది. ఇతనూ ఆమెకేసి నాలుక చాపాడు. కట్టుకున్నదాన్ని, నాకేనాడూ చాపలేదే అని వనజాక్షికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆటోలోంచే అన్నకు ఫోన్ చేసింది.

అన్న బయ్యన్న చెనక్కాయల వ్యాపారి. చుట్టుపక్కల పల్లెల్లో కాపురాలు విడిపోయే దాకా వస్తే పంచాయితీ చేసేది ఆయనే. పొద్దున్నే మనుషుల్ని జీపులో వేసుకుని దిగాడు. చెల్లెలి పక్కనే కూర్చుని, ఆ అద్దాల తలుపు మనిషిని కూడా పిలిపించాడు. రాదేమోనని పంటి నొప్పి అని చెప్పి పంపించాడు. ఆమె సంచితో సహా వచ్చింది. పేరు జయంతి, పళ్ల డాక్టరు.

గదిలో మూలన తల వంచుకున్న సురేంద్రను చూసి, "ఇంకా చెప్పలేదా మీరు?" అంది.

"ధైర్యం సాల్లేదు మేడం."

"ఈడ అందురూ ఉండారు, చెప్పల్ల," అన్నాడు బయ్యన్న. "ఈ పొద్దు నా చెల్లెలు ఈడుండేదా, నాతో వచ్చేదా తేలిపోవల్ల."

వనజాక్షి అప్పటికే పెట్టె సర్దుకుంది.

డాక్టరు ఆమె వైపు తిరిగింది. "అమ్మా, ఆ రెండో బద్ద మీకోసమే. నాలుక మీద పాచి పేరుకుంటే, పళ్లు ఎంత తోమినా నోరు వాసన వస్తుంది. ఆ మాట మీతో అనలేక ఈయన నా దగ్గరికి వచ్చారు. అనలేకపోతే ఆమె ముందర మీరే గీసుకోండి, చూసి అలవాటు చేసుకుంటుంది అన్నాను. ఎంత లోపల దాకా గీయాలో నాలుక చాపి చూపించాను. తప్పు నాదే."

మొగుడు తనవాడేనని సంతోషం, భూమిలోకి కుంగిపోవాలన్నంత సిగ్గు, రెండూ ఒకేసారి కమ్ముకొచ్చాయి వనజాక్షిని. ఇంకో ఆడమనిషే ఉండుంటే కనీసం తిట్టడానికైనా వీలుండేది.

"ఎప్పట్నించి?" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

"పోయిన తూరి వాన పడినప్పట్నించి," అన్నాడు సురేంద్ర.

ఆ సీమలో దానర్థం చాలా కాలమని. ఆమె చెయ్యి చాచింది. అతను తన అంగడి సంచిలోంచి గులాబీ పిడి బద్ద తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగులో ముడేసుకుని, అన్న వైపు తిరిగింది.

"నువ్వు చెప్పన్నా. పొద్దన్నుంచి నా పక్కనే కూచోనుండావు. నిజమేనా?"

బయ్యన్న జవాబు చెప్పడానికి నోరు తెరవబోయాడు. డాక్టరు ఆసక్తిగా అతని నోటికేసి చూస్తోంది.

ఎన్నో ఊళ్ల పంచాయితీలు గొంతు చించుకుని తీర్చిన బయ్యన్న, ఆ తీర్పు మాత్రం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తలూపి చెప్పాడు.