బీపీ లేని వార్డు

“ఒచ్చే నెల ఒకటో తారీకు నుంచి మన వార్డులో కమిటీకి తెలీకుండా ఎవరికీ ఏ జబ్బూ రాకూడదు” అని బ్యాటరీ రిక్షాకు కట్టిన మైకులో గణపతిరావు ప్రకటించాడు. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, బెంగాలీలో రెండుసార్లు. రెండోసారి ఎందుకంటే, మొదటిసారి ఆయన మాట్లాడింది ఒడియా అని రిక్షా డ్రైవరు చెప్పాడు.

గణపతిరావు మా వార్డు ప్రజా సహాయ, ఆరోగ్య పర్యవేక్షణ కమిటీకి ఛైర్మన్. బెంగాలీ జిల్లాలోని రైల్వే ఊళ్ళో తెలుగువాళ్ళం ఎక్కువగా ఉండే వార్డు మాది. కమిటీ కొత్తది. వితంతువులకూ ముసలివాళ్ళకూ వచ్చే సాయం, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మందులు సరిగ్గా అందుతున్నాయా లేదా అని చూడటం దాని పని. ఇవ్వటం దాని పని కాదు. ఈ తేడా మా వార్డులో ఆయన ఒక్కడికే పూర్తిగా బోధపడింది. పదకొండు మంది సభ్యులను ఆయనే ఎంపిక చేశాడు. అందరూ నిష్పక్షపాతులు. ఏ విషయం మీదా ఎవరికీ అభిప్రాయం లేదు. నేను రైల్వే వర్క్‌షాపు టైమాఫీసులో ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి, మూడు భాషలు రాయగలను. అందుచేత నన్ను కార్యదర్శిని చేశాడు.

“నువ్వు మాటాడక్కర్లేదు బాబాయ్, రాత్తే సాలు” అన్నాడు. నేను ఆ ప్రకారమే నడుచుకున్నాను.

మొదటి తనిఖీ ఒక మంగళవారం జరిగింది. మా ఆరోగ్య కేంద్రం రెండు గదులు. డాక్టరు వారానికోసారి వస్తాడని బోర్డు మీద ఉంది. మిగతా రోజుల్లోనూ, చాలావరకు ఆ రోజున కూడా, కేంద్రమంటే ఆరోగ్య కార్యకర్త దోర్కాయే. పదిహేనేళ్ళుగా ఇంటింటికీ తిరిగి బీపీ చూసి, మాత్రలిచ్చి, రిజిస్టరు రాసే మనిషి. వార్డులో ఎవరికి ఏ మాత్ర, ఎవరు మింగుతారు, ఎవరు మింగినట్టు నటిస్తారు అన్నది ఆమెకు నోటికి వచ్చు.

కమిటీ వచ్చేసరికి లోపల జనం కూర్చుని ఉన్నారు. తనిఖీ సక్రమంగా జరగాలంటే సభ్యులు కూర్చోవాలి కనుక జనాన్ని వరండాలోకి పంపాం. వరండాలో ఉన్నవాళ్ళు ఎండలోకి జరిగారు.

“ఈ బీపీ మిషను సరిగ్గా పని సేత్తందా దోర్కా?” అని గణపతిరావు అడిగాడు.

“సేత్తంది బాబూ.”

“నువ్వు సెప్తే సాలదు. కమిటీ సూడాలి” అని ఆయన తన చెయ్యే చాపాడు. అంతటి త్యాగం నేను మా వర్క్‌షాపులో కూడా చూడలేదు.

నూట ఎనభై బై నూట పది చూపించింది. మళ్ళీ చూడమన్నాడు. నూట ఎనభై నాలుగైంది.

“తలనొప్పి గాని, కల్లు తిరగడం గాని ఉన్నాదా బాబూ?” అంది దోర్కా.

“నాకేటి? రోజూ పొద్దున్నే మైదానంలో నడుత్తాను” అన్నాడు. అది నిజమే. మైదానం గేటు దాకా స్కూటరు మీద వెళ్ళి, అక్కణ్ణించి టీ బడ్డీ దాకా నడుస్తాడు.

అనుమాన నివృత్తి కోసం సభ్యులందరికీ చూశారు. పదకొండు మందిలో ఏడుగురికి ఎక్కువ వచ్చింది. గణపతిరావు కాసేపు ఆలోచించి, తార్కికంగా ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇంతమంది ఆరోగ్యవంతులకు జబ్బు అంటగడుతోందంటే లోపం మిషనులోనే ఉంది. దాన్ని అక్కడికక్కడే గుడ్డ సంచిలో పెట్టి, లక్కతో సీలు వేయించి, విచారణకు ముగ్గురితో ఉపసంఘం వేశాడు. ఈ నెల కొలత లేకుండా ఎవరికీ మాత్రలు ఇవ్వకూడదని, ఇస్తే అది ప్రజాధనం దుర్వినియోగమవుతుందని మరో తీర్మానం చేశాడు. నేను రాశాను.

ఎండలో నిలబడ్డవాళ్ళలో పోలమ్మ ఉంది. పూరీ గేటనే చోట ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకునే ముసలమ్మ. మొగుడు వర్క్‌షాపులో కాంట్రాక్టు కూలీగా పని చేసి పోయాడు. రోజూ బీపీ మాత్ర వేసుకుంటేనే గ్రైండరు దగ్గర నిలబడగలదు.

“నాది సూసేసి అట్టుకెల్లండి బాబూ, రెండు నిమసాలు” అంది.

“తప్పుడు మిషన్తో సూత్తే తప్పుడు జబ్బు తేల్తాది మామ్మా. నీ మంచికే సెప్తన్నాను” అన్నాడు గణపతిరావు. ప్రజలతో ఆయన ఎప్పుడూ ఇంత ఓపిగ్గానే మాట్లాడతాడు.

నెలాఖరున ఆయన దోర్కా రిజిస్టరు తిరగేశాడు. బీపీ గడిలో గీత ఉంది.

“ఈ గీతేటి?”

“కొలవలేదని బాబూ.”

“గీతెడితే పైవోల్లకి అర్థం కాదు. సున్నా ఎట్టు.”

“సున్నా అంటే ఎవరికీ జబ్బు లేదని కదా బాబూ.”

“ఉన్నాదని నీ దగ్గిర రుజువున్నాదా? కొలిసినావా?”

కొలిచే మిషను ఆయన బీరువాలో ఉందని దోర్కా అనలేదు. అలాగని సున్నా పెట్టనూ లేదు. చేసేది లేక కమిటీ రిపోర్టులో ఆ సున్నా నాచేత పెట్టించాడు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. సున్నాలు మరీ బాగా వస్తాయి.

పది రోజుల్లో జిల్లా నుంచి ప్రశంసా పత్రం వచ్చింది. మొత్తం జిల్లాలో ఒక్క బీపీ కేసు కూడా లేని వార్డు మాదేనట. ఆ విధానాన్ని అధ్యయనం చేయడానికి జిల్లా అధికారి స్వయంగా వస్తారట. గణపతిరావు ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు.

ఆ వారంలోనే పోలమ్మ గ్రైండరు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. నుదురు చిట్లింది. దోర్కా పరుగెత్తుకొచ్చి, రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆరు కుట్లు వేయించి తీసుకొచ్చింది. ఈ విషయం కమిటీ సమావేశంలో నాలుగో అంశంగా చర్చకు వచ్చింది. నేల తడిగా ఉండటమే కారణమని తేలింది. ప్రజలు తడి నేల మీద జాగ్రత్తగా నడవాలని తీర్మానించాం. తీర్మానం రాసేటప్పుడు నాకు దగ్గు వచ్చింది. నీళ్ళు తాగి పూర్తి చేశాను.

అధికారి వచ్చే రోజు దగ్గరపడింది. “ఆరోజున ఒక్క బీపీ మనిసి కూడా వార్డులో కనబడకూడదు” అన్నాడు గణపతిరావు. మొత్తం నలభై మంది. అందర్నీ బస్సెక్కించి పిక్నిక్‌కు పంపాలని ఆయనకు తట్టింది. పూరీ, బంగాళాదుంప కూర, ఒక్కొక్కరికి రెండేసి రసగుల్లాలు. ఎక్కడికి పంపాలో మాత్రం తోచలేదు.

“సాలువా ఊరైతే బాగుంటాది బాబూ” అంది దోర్కా. ఎవరూ అడగకుండా ఆమె కమిటీ ముందు మాట్లాడటం అదే మొదటిసారి. “పోలీసు క్యాంపు దాటితే చెట్లున్నాయి, నీడున్నాది. మనోల్లెవరూ అటేపు ఎల్లరు.”

“సూసినావా బాబాయ్” అని గణపతిరావు నాతో అన్నాడు. “పర్యవేక్షణ ఉంటే పనివోల్లకి బుర్ర కూడా ఒత్తాది. నువ్వూ ఎల్లు బస్సులో. నీకూ బీపీయే కదా.”

నా జబ్బును కమిటీ అధికారికంగా గుర్తించిన సందర్భం అదొక్కటే.

బస్సు బయలుదేరే ముందు దోర్కా నా చేతిలో ఒక మడత కాగితం పెట్టింది. “హాజరు లిస్టు. అక్కడెవరైనా అడిగితే ఇయ్యండి” అంది. నేను జేబులో పెట్టుకున్నాను.

సాలువాలో చెట్లూ నీడా నిజంగానే ఉన్నాయి. వాటి కింద ఒక షామియానా కూడా ఉంది. ఏదో సేవా సంఘంవాళ్ళు ఉచిత బీపీ, షుగర్ పరీక్షల శిబిరం పెట్టారు. మేము బస్సు దిగేసరికి ఒక బెంగాలీ డాక్టరమ్మ ఎదురొచ్చి, “దోర్కా దీదీ లిస్టు తెచ్చారా?” అని హిందీలో అడిగింది. కాగితం విప్పి చూశాను. నలభై పేర్లు, వయసులు, మిషను ఉన్న రోజుల్లో చివరిసారి చూసిన కొలతలు, ఎవరికి ఏ మాత్ర అన్నదీ, అన్నీ వరసగా ఉన్నాయి. ఇరవై రెండో పేరు నాది.

పూరీలు తిని అందరం వరసలో నిలబడ్డాం. పోలమ్మ వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ రెండుసార్లు కొలిచి, ఆమెను లేపి ఫ్యాను కింద కూర్చోబెట్టింది. “ఇంత ఎక్కువ ఉంటే మందు ఎందుకు మానేశావు?” అని కోప్పడింది.

“మా వార్డులో బీపీ లేదమ్మా” అంది పోలమ్మ, తనకు వచ్చిన హిందీలో.

“నీకు ఉంది కదా.”

“నాకున్నాది. వార్డుకి లేదు.”

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను రసగుల్లాల డబ్బా వైపు చూశాను. అందరికీ పది రోజులకు సరిపడా మాత్రలిచ్చారు.

ఇక్కడ వార్డులో ఏం జరిగిందో గణపతిరావు తర్వాత నాతో చెప్పాడు. అధికారి వచ్చి కేంద్రం చూశాడు. కడిగిన గచ్చు, పూలకుండీ, ఖాళీ బెంచీ. రోగులేరీ అని అడిగాడు. లేరన్నాడు గణపతిరావు. “ఖూబ్ భాలో, చాలా బాగుంది” అని అధికారి చాలాసేపు ఆ బెంచీని చూస్తూ నిలబడ్డాడు. భోజనమయ్యాక వాచీ చూసుకుని, మూడింటికి సాలువాలో ఒక ఆరోగ్య శిబిరం ముగింపు సభ ఉందని, గణపతిరావు కూడా తన కారులో వచ్చి సున్నా విధానం గురించి నాలుగు మాటలు చెప్పాలని కోరాడు. దారంతా గణపతిరావు నోరు విప్పలేదట. ఆయన అణకువ చూసి అధికారి ముచ్చటపడ్డాడట.

మూడింటికి కారు ఆగింది. ఆయన మమ్మల్ని చూశాడు. నలభై మందిమీ ఆయన్ని చూశాం. పోలమ్మ ఫ్యాను కింద నుంచి లేచి, “ఒచ్చినావా బాబూ” అని దణ్ణం పెట్టింది. నుదుటి మీద కట్టు ఇంకా ఉంది.

డాక్టరమ్మ నేరుగా అధికారి దగ్గరకు వెళ్ళింది. “సార్, ఇవాళ ఒక్క వార్డు నుంచే నలభై మంది వచ్చారు. అందరికీ బీపీ ఉంది. చాలామందికి ప్రమాదకరంగా ఉంది. ఆ వార్డు నుంచి పోయిన నెల రిపోర్టులో ఒక్క కేసు కూడా లేదట” అని దోర్కా రాసిన లిస్టు చూపించింది.

ఇక ఈ కమిటీ పని అయిపోయిందని, రేపటి నుంచి దోర్కా మిషను దోర్కాకు వస్తుందని నేను అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఆశపడ్డాను. గణపతిరావు చొక్కా సర్దుకుని అధికారి పక్కకు వచ్చాడు.

“సార్, వీల్లని నేనే పంపినాను. బస్సు ఏర్పాటు నాదే” అన్నాడు.

రెండు మాటలూ నిజమే. అధికారి ఆలోచించాడు. తక్కువ జబ్బులున్న వార్డుకు ఇచ్చే గుర్తింపు ఒక పథకం, శిబిరానికి ఎక్కువ మంది రోగుల్ని చేర్చినవారికి ఇచ్చే గుర్తింపు మరో పథకం. ఫైళ్ళు వేరు, విభాగాలు వేరు. రెండూ ఒకే మనిషికి రాకూడదని ఎక్కడా లేదు. ఆయన గణపతిరావు చెయ్యి పట్టుకుని ఊపాడు. డాక్టరమ్మ ఇంకా ఏదో అనబోతుంటే, “రాసివ్వండమ్మా, కమిటీ పరిశీలిస్తుంది” అన్నాడు.

“ఏ కమిటీ సార్?”

అధికారి గణపతిరావు వైపు చూపించాడు.

ప్రభుత్వం ఆలస్యం చేస్తుందనే వాళ్ళు ఈ సంగతి గమనించాలి. వారం తిరక్కుండా రెండు సర్టిఫికెట్లూ అద్దాల ఫ్రేముల్లో వచ్చాయి. ఒకటి, బీపీ కేసులు ఒక్కటి కూడా లేనందుకు. రెండోది, అత్యధికంగా బీపీ కేసులు చేర్చినందుకు. ఆరోగ్య కేంద్రంలో పక్కపక్కనే మేకులు కొట్టించి తగిలించారు. రోగుల వివరాలు బయటికి ఇచ్చినందుకు దోర్కాకు సంజాయిషీ నోటీసు రాయమన్నాడు గణపతిరావు. రాశాను. ఆరోజు నా చేతిరాత బాగా రాలేదు. దోర్కా అది అందుకుని, మడిచి, “మీరు మాత్రలేసుకుంటన్నారా?” అని మాత్రం అడిగింది.

పదకొండో రోజు పొద్దున పోలమ్మ ఖాళీ మాత్రల అట్ట పట్టుకుని కేంద్రానికి వచ్చింది. మిషను మీద విచారణ ఇంకా జరుగుతోంది. ఉపసంఘంలో ఒకాయన ఊళ్ళో లేడు. దోర్కా గణపతిరావు వైపు చూసింది. ఆయన లేచి, గోడ దగ్గరకు నడిచి, ఎంతో ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

“సూడు మామ్మా. ఈ సర్టిఫికెట్టు పెకారం నీకు జబ్బే లేదు. ఇదిగో, ఈ రెండోదాని పెకారం నీకు మందు ముట్టీసినాది. ఏ లెక్కన సూసినా ఇంక నీకు ఇయ్యాల్సిందేటీ లేదు.”

పోలమ్మకు చదువు రాదు. చదివి చెప్పమని నన్ను అడిగింది. రెండూ చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, తలూపి, చెంగుతో మొహం తుడుచుకుంది.

“అయితే ఆ రెండూ దింపియ్యి బాబూ” అంది. “పొద్దున్నొకటీ, రాత్రొకటీ ఏసుకుంటాను.”