వెనక సీటులో ఏదో ఉంది

కళ్ళజోళ్ళ షాపాయన ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య అప్పటికే వెళ్ళి షాపు తెరిచింది. తాను తమ కుక్క నల్లోడిని సూదిమందు కోసం పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళుతూ, దారిలో ఆగి, రిటైరైన లెక్కల టీచరమ్మ కళ్ళజోడుకు అద్దాలు బిగించేస్తే సరి. ఐదు నిమిషాల పని. కుక్కను కారు వెనక సీటులోనే ఉంచి, ముందు కిటికీ వేలెడంత దించి, షాపు వెనక గుమ్మం గుండా మిషను గదిలోకి దూరాడు. కారు షాపు ముందు చెట్టు నీడలోనే ఉంది. తన జాగ్రత్తకు తనకే ముచ్చటేసింది.

అద్దాలు అరగదీసే మిషను ఆ రోజే మొరాయించింది. దానితో కుస్తీ పడుతూ ఆయన లోకం మరిచిపోయాడు. ఉన్నట్టుండి నల్లోడు గుర్తొచ్చి, మిషను ఆపకుండానే వెనక గుమ్మంలోంచి పరుగెత్తాడు.

నీడ జరిగిపోయింది. మండే ఎండలో వీధిలో నరమానవుడు లేడు. కారుకు వేసిన తాళం వేసినట్టే ఉంది, లోపల కుక్క లేదు. అద్దం మీద లోపలివైపు తడి ముక్కు ఆనించిన మచ్చ ఇంకా ఆరలేదు. సీటు మీద మెడపట్టీ పడి ఉంది. పట్టీ బిగించింది బిగించినట్టే ఉంది, అందులో మెడ మాత్రం లేదు. అంత ఎండలోనూ ఆయనకు ఒళ్ళు జలదరించింది.

సీటు కింద చచ్చిపడి ఉన్నాడేమోనని తాళం తీసి, వెనక తలుపులోంచి లోపలికి పాకాడు. రోడ్డు కాస్త వాలుగా ఉంది. తలుపు మెల్లగా, ఎవరో వేసినట్టు, తనంతట తానే మూసుకుంది.

ఆ వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. కిటికీలు దిగవు. ముందు సీట్లకు అడ్డంగా ఇనుప జాలీ. నల్లోడు బయటికి దూకకుండా ఇవన్నీ ఆయనే ఒక సెలవురోజు దగ్గరుండి బిగించాడు. ఫోను మిషను పక్కన ఉంది. అరిచాడు. అరుపు కారులోనే తిరిగి తన చెవికే వచ్చింది. నాలుక పిడచకట్టుకుపోయింది, ఊపిరి వేడిగా వెనక్కి తగిలింది. ఎదురుగా షాపు గాజు తలుపు వెనక రెండు కళ్ళు కనిపించాయి. నల్లోడు కదలడం లేదు, మొరగడం లేదు, ఆయన్నే చూస్తున్నాడు. కుక్కో, కుక్క దయ్యమో ఆయనకు తేలలేదు. తాను ఇక్కడే పోతానని మాత్రం తేలింది.

జరిగిందేమిటంటే, కాసేపటి క్రితం భార్య గాజు తలుపులోంచి చూసేసరికి నల్లోడు నాలుక వేలాడేసి రొప్పుతున్నాడు. ఆవిడ తన దగ్గరున్న తాళంచెవితో కారు తీసి, కాలుతున్న పట్టీని తలమీదుగా లాగేసి, వాడిని లోపలికి తెచ్చుకుని, కారుకు మళ్ళీ తాళం వేసింది. మిషను చప్పుడు వింటూ, మొగుడు బయటికి రాగానే తిట్టాల్సినవన్నీ సిద్ధం చేసుకుంటోంది.

అప్పుడే టీచరమ్మ వచ్చింది. కళ్ళజోడు షాపులో ఉంది కనుక ఆవిడకు లోకమంతా మసక. కారులో నల్లగా ఏదో అద్దానికి మొహం రాస్తూ చేతులాడిస్తోంది. ఆవిడ కాస్త దగ్గరికొచ్చి, "ఉండరా నాయనా, మీ అయ్యగారికి చెబుతాను," అని ఓదార్చి, కరుస్తుందేమోనని ఎడంగా తప్పుకుని షాపులోకి నడిచింది.

"అమ్మాయ్, మీ కుక్క కారులో అల్లాడిపోతోంది. మీ ఆయనకు బుద్ధుందా?"

"నల్లోడు నా కాళ్ళ దగ్గరే ఉన్నాడు టీచరుగారూ."

టీచరమ్మ వంగి తడిమి చూసింది. ఉన్నాడు. గొంతు తగ్గించి, "మరి అక్కడ నన్ను చూసి ఏడ్చిందేమిటి?" అంది.

చూపు మరీ తగ్గిపోయిందని భార్య నొచ్చుకుని, ఆవిడకు కుర్చీ వేసి, మిషను ఆగగానే కళ్ళజోడు వచ్చేస్తుందని చెప్పింది. మిషను ఆగలేదు. నల్లోడు తనకు పెట్టిన నీళ్ళు ముట్టలేదు. గాజు తలుపును గోళ్ళతో గీకుతూ ఊళ మొదలుపెట్టాడు. భార్య లోపలి గదిలోకి తొంగి చూసింది. మిషను తిరుగుతోంది, మనిషి లేడు.

గాజు తలుపు తీయగానే నల్లోడు కారు దగ్గరికి దూకాడు. ఆవిడ వెనకే పరుగెత్తి వెనక తలుపు లాగింది. పిండని బట్టలా ఆయన జారి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. నల్లోడు మొహమంతా నాకేశాడు. ఆయన వాడి మెడ కావలించుకుని, వీధి అని కూడా చూడకుండా ఏడ్చేశాడు. సిద్ధం చేసుకున్న తిట్లలో ఒక్కటీ భార్య నోటికి రాలేదు.

షాపులోకి రాగానే ఆయన నేలమీద చతికిలబడి, కనిపించిన గిన్నె ఎత్తి గటగటా తాగడం మొదలుపెట్టాడు.

"ఏమండీ, అవి నల్లోడి నీళ్ళు," అంది భార్య.

ఆయన ఆపలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా నల్లోడు పక్కనే మర్యాదగా నిలబడ్డాడు.