దుప్పి కారు, నక్క పుస్తకం

ఒక పెద్ద అడవిలో, ఉన్న నాలుగు కాళ్ళు చాలవనుకున్న జంతువులన్నీ తలా నాలుగు చక్రాలు కూడా కొనుక్కున్నాయి. ఆఖరికి తాబేలు కూడా కొంది. "నడవలేక కాదు, నలుగురిలో ఉండాలి కదా" అంది.

కొనడం అందరికీ వచ్చు. కొన్నాక చూసుకోవాలన్న సంగతి అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాళ్ళు అడగలేదు. కార్లకు పసుపు రాశారు, నిమ్మకాయలు తొక్కించారు, వెనకద్దం మీద పిల్లల పేర్లు రాయించారు. బానెట్ ఎత్తి లోపల ఏముందో చూసినవాడు మాత్రం ఒక్కడే, దుప్పి ఓబులేసు.

ఓబులేసుది షేర్ కారు. ఏటి ఒడ్డు నుంచి ఘాట్ రోడ్డెక్కి, దిగి, కొండ అవతల ఉన్న ఆస్పత్రి దాకా జనాన్ని చేరవేస్తాడు. కొమ్ములు పట్టక పైకప్పుకు రెండు కన్నాలు కొట్టించుకున్నాడు. వానొస్తే తల తడిసేది. "నా తల తడిస్తే ఆరుతుంది, ఇంజిన్ తడిస్తేనే తంటా" అనేవాడు.

రోజూ పొద్దున్నే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీసి ఎంతుందో చూసేవాడు. రేడియేటర్లో నీళ్ళు చూసేవాడు. ఒక్కో టైరునూ గిట్టతో తట్టి, గాలి సరిపడా ఉందో లేదో చెవితో పసిగట్టేవాడు. బ్రేకు ఒకసారి తొక్కి చూసుకుని, అప్పుడు బయల్దేరేవాడు. ఆరేళ్ళలో ఆ కారు దారిలో ఆగిందంటే, ఎక్కేవాళ్ళ కోసమో దిగేవాళ్ళ కోసమో ఆగిందే.

అందుకే ఓబులేసుకు అడవిలో పెద్ద పేరేమీ లేదు. ఆగిపోయిన కారు చుట్టూ పదిమంది చేరి సలహాలిస్తారు. ఆగని కారు గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

ఒక వానాకాలం, అడవిపంది కారు నున్నగా అరిగిపోయిన టైర్లతో సర్రున జారి, మృగరాజుగారు జలకాలాడుతున్న మడుగులో పడింది. పందికి ఏమీ కాలేదు. మృగరాజుగారి జూలుకు మాత్రం బురద అంటింది. అంతకుముందు పదకొండు కార్లు లోయలో పడ్డాయి గానీ, అడవిలో ఇలాంటి సమస్య ఒకటుందని అప్పట్లో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

వెంటనే సభ పెట్టారు.

"ఇకమీదట అడవిలో ఏ కారూ చెడిపోకూడదు. ఏం చేద్దాం?" అన్నాడు సింహం.

వెనక వరుసలోంచి ఓబులేసు లేచాడు. "ఏలికా, ఎవరి కారును వాళ్ళు రోజూ కాస్త చూసుకుంటే..."

"కూర్చోవయ్యా. ఇక్కడ విధానం గురించి మాట్లాడుతుంటే నువ్వు కార్ల గురించి మాట్లాడతావేం?" అంటూ నక్క సుబుద్ధి లేచాడు. సుబుద్ధి మృగరాజుకు ఆంతరంగిక సలహాదారు. సలహా ఎంత ఆంతరంగికమైనదంటే, దానివల్ల బాగుపడ్డవాడు ఆయన తప్ప బయట ఎవరూ కనిపించరు.

"ప్రభూ, చూసుకున్నారో లేదో మనకెలా తెలుస్తుంది? రాసి ఉండాలి. రాసి ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. ప్రతి కారుకూ ఒక పచ్చ పుస్తకం పెడదాం. ముప్పైరెండు పేజీలు. ఒక్కో పేజీకీ ఒక్కో ముద్ర."

సింహానికి ఈ ఉపాయం తెగ నచ్చింది. మరునాడే వాహన సంరక్షణ శాఖ పుట్టింది. దానికి సుబుద్ధి అధికారి అయ్యాడు. పుస్తకం ముందు అట్ట మీద మృగరాజు బొమ్మ, వెనక అట్ట మీద సుబుద్ధి బొమ్మ వేశారు. కారు బొమ్మకు చోటు చాలలేదు.

నిజం చెప్పాలంటే ఓబులేసు సంతోషించాడు. ఇన్నాళ్ళకు ఈ గోడు ఒకరికి పట్టింది కదా అనుకున్నాడు. కారును శుభ్రంగా తుడిచి, నేరుగా శాఖ ముంగిట్లోకి తోలుకెళ్ళి, పుస్తకం చేతపట్టుకుని లోపలికి వెళ్ళాడు.

"ఆయిల్ మార్చావా?" అన్నాడు సుబుద్ధి, తల ఎత్తకుండానే.

"పోయిన నెలే మార్చానయ్యా."

"ఎవరు చూశారు?"

"నేనే చూశాను."

"నీ కారును నువ్వు చూసుకుంటే అది చూసినట్టు కాదు. శాఖ చూడాలి."

"మహా భాగ్యం, చూడండయ్యా. కారు బయటే ఉంది."

సుబుద్ధి కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎండ మండిపోతోంది. పుస్తకం ఇలా ఇచ్చి వెళ్ళు. కారుతో పనేముంది?"

ఆ మాట అంటుండగానే కోతి వచ్చి, బల్ల మీద ఒక తేనెపట్టు పెట్టాడు. టపటపటపమని ముప్పైరెండు ముద్రలు పడ్డాయి. కోతి కారు ఆ సమయానికి మూడు మైళ్ళ అవతల, చెరకు తోటలో తలకిందులుగా ఉంది.

"నువ్వూ ఒకటి పట్టుకురారాదూ?" అన్నాడు సుబుద్ధి.

"చూడకుండా ముద్ర వేయించుకుంటే అబద్ధం అవుతుంది కదయ్యా?"

సుబుద్ధి ఈసారి నిజంగానే తల ఎత్తాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఉన్నదంతా ఆశ్చర్యమే. "అబద్ధం ఏమిటయ్యా? ముద్ర కదా!"

ఓబులేసు నాలుగు రోజులు వరుసలో నిలబడ్డాడు. ఐదో రోజు సుబుద్ధి వాడి ముఖం చూసి చూసి విసుగెత్తి, ముప్పైఒక్క ముద్రలు కొట్టేశాడు. ముప్పైరెండో పేజీలో మాత్రం "ఈ పుస్తకానికి అట్ట వేయించారా?" అని ఉంది. ఓబులేసు వేయించలేదు. వేయించి తెచ్చేసరికి, ఆ పేజీకి ముద్ర కొట్టే ఉడుత సెలవులో ఉన్నాడు.

నెల తిరిగేసరికి అడవి రూపే మారిపోయింది. పుస్తకాలకు తోలు అట్టలు, పట్టు సంచులు వచ్చాయి. కోతి తన పుస్తకానికి రోజూ సాంబ్రాణి వేసేవాడు. బ్రేకు ఆయిల్ ఎక్కడ పోస్తారని అడిగితే మాత్రం డిక్కీ చూపించాడు. రోడ్ల పొడుగునా కార్లు పొగలు కక్కుతూ ఆగిపోతూనే ఉన్నాయి. సుబుద్ధి మృగరాజుకు నివేదిక పంపాడు: "ముద్రలు నూటికి నూరు శాతం పూర్తి."

ఘాట్ మొదట్లో చెక్‌పోస్టు పెట్టారు. అక్కడ దుమ్ములగొండి వీరభద్రం కాపలా. ఒక రోజు ఓబులేసు ముందు వెళ్తున్న కారుకు ఒక దీపం లేదు, ఒక తలుపు లేదు, వెనక నల్లటి పొగ. వీరభద్రం దాని పుస్తకం తిరగేసి, "భేషుగ్గా ఉంది, వెళ్ళు" అన్నాడు. తర్వాత ఓబులేసు పుస్తకం తీసుకుని, ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఖాళీగా ఉందే? దిగు. కారు జప్తు."

"అన్నా, ఒక్కసారి బ్రేకు తొక్కి చూడు. ఇంజిన్ చప్పుడు విను. నీకే తెలుస్తుంది."

"బ్రేకులు నా పరిధిలోకి రావు ఓబులేసూ. నావి పేజీలే."

కారును శాఖ వెనక ఖాళీ స్థలంలోకి తోశారు. కిటికీకి జప్తు నోటీసు అంటించారు. ఓబులేసు ఇంటికి నడిచి వెళ్తుంటే, సొంత కాళ్ళే అరువు తెచ్చుకున్నట్టు అనిపించాయి. ఆ కారెక్కి ఆస్పత్రికి పోవలసినవాళ్ళు రోడ్డు మీద నిలబడి అడుగుతుంటే, కారు జప్తయిందని చెప్పి తల దించుకుని పోయాడు.

అయినా ప్రాణం ఊరుకోలేదు. కారు కదలకుండా పడి ఉంటే బ్యాటరీ దిగిపోతుందని వాడికి తెలుసు. ఆ స్థలానికీ కాపలాదారైన వీరభద్రం పొద్దెక్కేదాకా నిద్ర లేవడు. అందుకని రోజు మార్చి రోజు తెల్లవారగానే వెళ్ళి, కాసేపు ఇంజిన్ ఆన్ చేసి, ఆయిలూ నీళ్ళూ గాలీ చూసుకుని వచ్చేవాడు. సొంత కారును దొంగచాటుగా బాగుచేసుకున్న మొదటి జంతువు అడవిలో వాడే.

ఇంతలో మృగరాజు "ప్రమాదరహిత అడవి" అని ప్రకటించడానికి ముహూర్తం పెట్టుకున్నాడు. కొండ అవతల, ఆస్పత్రి మైదానంలో సభ. ప్రయాణం సుబుద్ధిగారి శాఖ కారులో. ఆ కారు పుస్తకంలో ముప్పైరెండు ముద్రలూ బంగారు సిరాతో ఉన్నాయి.

బయల్దేరేముందు డ్రైవరు గాడిద పెంచలయ్య, సుబుద్ధిని పక్కకు పిలిచాడు. "సారూ, బ్రేకు తొక్కితే ఇనుము గీరుకుంటున్నట్టు కూత వస్తోంది. నెల రోజుల్నించీ చెబుతున్నాను."

"పదిహేడో పేజీ తీయి. ఏముంది?"

"బ్రేకులు బాగున్నాయని ఉంది సారూ."

"సంతకం ఎవరిది?"

"తమరిదే సారూ."

"ఇప్పుడు చెప్పు. నన్ను నమ్ముతావా, ఆ కూతను నమ్ముతావా?"

పెంచలయ్యకు రాజు కొలువులో పదకొండేళ్ళ సర్వీసు ఉంది. ఇవ్వవలసిన జవాబే ఇచ్చాడు.

ఆ రోజే, వాళ్ళు వెళ్ళిన కాసేపటికి, ఏటి ఒడ్డున కుందేలు చెంచమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆస్పత్రికి తీసుకెళ్ళకపోతే దక్కదని ముసలమ్మలు తేల్చేశారు. పక్కింటి కారు స్టార్ట్ కాలేదు. ఎదురింటి కారుకు గాలి లేదు, స్టెప్నీకి అంతకన్నా లేదు. మూడో కారు స్టార్ట్ అయింది గానీ, ఆగదని దాని యజమానే చెప్పాడు. పచ్చ పుస్తకాలు మూడింటికీ ఉన్నాయి.

"ఓబులేసన్నా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అంది చెంచమ్మ, వాడి గుమ్మంలో కూలబడి.

ఓబులేసు పుట్టి బుద్ధెరిగి నోటీసు కాదు కదా, నోటీసు బోర్డును కూడా ముట్టుకోలేదు. అటూ ఇటూ చూశాడు. "పద తల్లీ" అని లేచాడు. శాఖ వెనక్కి వెళ్ళి, కొమ్ముతో నోటీసు చింపి, చెంచమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి తాళం తిప్పాడు. కారు ఒక్క పిలుపుకే పలికింది. రాజుగారి కారు కోసం ఎత్తిన చెక్‌పోస్టు గేటు దించకుండానే వీరభద్రం మళ్ళీ నిద్రపోయాడు.

ముందు వెళ్ళిన బంగారు ముద్రల కారు అప్పటికి కొండెక్కి, అవతలి వైపు దిగుతోంది. మొదటి మలుపులో పెంచలయ్య బ్రేకును రెండుసార్లు తొక్కాడు.

"సారూ, బ్రేకు పడటం లేదు!"

"ఏమంటున్నాడు?" అన్నాడు సింహం.

"ఏం లేదు ప్రభూ. లోయ అందంగా ఉందంటున్నాడు."

రెండో మలుపులో కారు ఒక పక్క చక్రాల మీదే తిరిగింది. లోయ మరీ దగ్గర నుంచి కనిపించి, అందులో అందమేమీ లేదని సింహానికి అర్థమైంది. "ఏదో ఒకటి చెయ్యవయ్యా!" అని గర్జించాడు.

సుబుద్ధి అలవాటు కొద్దీ పుస్తకం తెరిచాడు. పదిహేడో పేజీ పట్టుకుని, "ఉన్నాయి ప్రభూ! బ్రేకులు ఉన్నాయి! ఇదుగో, ముద్ర కూడా ఉంది!" అని అరిచాడు.

కారుకు చదువు రాదు. మూడో మలుపులో రోడ్డు వదిలేసి, అడవిదున్నలు పొర్లే బురదగుంటలో దిగబడింది.

ఓబులేసు గేరు తగ్గించి మెల్లగా దిగుతూ వచ్చేసరికి, గుంటలో మృగరాజు మెడలోతున ఉన్నాడు. పెంచలయ్య కారు పైన కూర్చుని ఉన్నాడు. సుబుద్ధి నడుములోతు బురదలో నిలబడి, పచ్చ పుస్తకాన్ని రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు.

"ఒరేయ్ దుప్పీ! ముందు మమ్మల్ని బయటికి లాగు!" అన్నాడు సింహం.

ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు. చెంచమ్మ సీటు అంచును పళ్ళతో కొరికిపట్టుకుని ఉంది.

"క్షమించు ఏలికా. ఈ తల్లిని దింపి వస్తాను."

"రాజాజ్ఞనే కాదంటావా?" అని సుబుద్ధి లేని గొంతు తెచ్చుకున్నాడు. "పైగా అది జప్తు చేసిన కారు!"

"అవునయ్యా, జప్తు చేసిందే. ఈ కొండ మీద నడుస్తున్నదీ ఇదొక్కటే" అని ఓబులేసు ముందుకు పోనిచ్చాడు. అంత మాట నోట్లోంచి ఎలా వచ్చిందో వాడికే తెలియదు.

కొంగ డాక్టరమ్మ గంటసేపు కష్టపడింది. తల్లీ ఆరుగురు పిల్లలూ క్షేమం. అది చెవిన పడ్డాకే ఓబులేసు తాడు తీసుకుని వెనక్కి వచ్చి, ముగ్గురినీ బురదలోంచి లాగాడు.

సింహం జూలు విదిలించుకుని, ఆ పాత కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "శాఖ ముద్ర లేని కారు ఎలా నడుస్తోందిరా?"

"రోజూ చూసుకుంటాను ఏలికా."

"అంతేనా?"

"అంతే."

"కమిటీ?"

"లేదు."

"మరి ప్రారంభోత్సవం ఎలా చేస్తారు?"

"తాళం తిప్పితే చాలు ఏలికా."

సింహం ముఖం చిన్నబోయింది. ఇంత సులువైన దానిలో తను చేయడానికి ఏమీ మిగల్లేదని ఆయన బాధ.

విచారణ జరిగింది. సుబుద్ధి తోలు ఒలుస్తారని అడవంతా ఎదురుచూసింది. నివేదిక వచ్చింది. బాగున్న బ్రేకును సరిగా తొక్కనందుకు పెంచలయ్య ఉద్యోగం పోయింది. అనుమతి లేకుండా రోడ్డు పక్కన ఉన్నందుకు బురదగుంటకు తాఖీదు వెళ్ళింది. నోటీసు చింపినందుకూ, రాజును గంటసేపు బురదలో ఉంచినందుకూ ఓబులేసు నెల రోజులు కారు తోలకూడదన్నారు. అంతటి ఆపదలోనూ పుస్తకం మీద ఒక్క చుక్క బురద పడకుండా కాపాడిన సుబుద్ధికి మాత్రం సన్మానం చేసి, ఆరోగ్యశాఖ అప్పగించారు. ఇక నుంచి ప్రతి జంతువు గుండెకూ ఒక ఎర్ర పుస్తకం.

ఆ నెల రోజులూ ఓబులేసు ఊరికే కూర్చోలేదు. కూర్చోనివ్వలేదు. చెంచమ్మ కబురు విన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "బానెట్ ఎక్కడ తెరుస్తారు?" అని సిగ్గుపడుతూ అడిగారు. ఓపిగ్గా చూపించాడు. ఉద్యోగం లేని పెంచలయ్య పక్కన నిలబడి పానాలు అందించాడు. నెలాఖరులో ఒక కొత్త కారు వచ్చి ఇంటి వెనక ఆగింది. అద్దం కొంచెం దిగింది, ఒక నక్క మూతి బయటికి వచ్చింది.

"ఓబులేసూ, బ్రేకులు కాస్త చూసిపెట్టవయ్యా. పుస్తకంలో రాయొద్దు. నిజంగా చూడు."

నీతి: బండిని చూసుకున్నవాడు ఇల్లు చేరతాడు, పుస్తకాన్ని చూసుకున్నవాడు పదవికి చేరతాడు.