దండెం మీద ఇటలీ

ఆదివారం తెల్లారగానే సారంగపాణి చేతులు కడుక్కొని, పంచె ఎగగట్టి, "ఇయ్యాల ఇటలీ" అని ప్రకటించాడు.

వంటింట్లో ఉన్న తల్లి సోమక్క, భార్య అరుణ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయిన ఆదివారం రష్యా అయింది. ఆ క్యాబేజీ చారు ఎవరూ తాగలేక పెరట్లో పారబోస్తే, మూడు రోజుల్లో అరటిపిలక వాడిపోయింది. అంతకు ముందు ఆదివారం ఇంగ్లండు. ఆ పుడ్డింగుకు కత్తిపీట చాలక కొబ్బరికాయలు కొట్టే రాయి తేవలసి వచ్చింది.

సారంగపాణికి వరంగల్ మట్టెవాడలో నూలు దుకాణం ఉంది. నాలుగు నెలల కింద వ్యాపారం పని మీద బొంబాయి వెళ్లి, పాత పుస్తకాలు అమ్మేచోట దేశదేశాల వంటలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాడు. అప్పటి నుంచి వారమంతా నూలు, ఆదివారం దేశాటనం.

"పొయ్యి నాకు జర ఇడిచిపెట్టు కొడుకా, ఇంత పప్పన్న ఏస్కుంట" అంది సోమక్క.

"రోజూ పప్పేనా అమ్మా? ఇటలీల మైదాపిండిని దారాల లెక్క జేసుకొని తింటరట. నోట్లె పెట్టంగనే జారిపోతదట."

"జారిపోయేదానికి ఇంత కష్టపడి వండుడెందుకురా?" అంటూ ఆమె కొబ్బరికాయ చేతపట్టుకుంది. "నేను భద్రకాళి గుడికి పోతాన. వచ్చేటాల్లకు నువ్వు ఏ దేశంలనన్న ఉండు, ఇల్లు మాత్రం ఈడనే ఉండాలె."

ఆమె వెనకే అరుణ కూడా పూలబుట్ట అందుకొని గబగబా బయటపడింది.

సారంగపాణి పని మొదలుపెట్టాడు. పిండిలో కోడిగుడ్లు కలపమని పుస్తకంలో ఉంది. ఆ ఇంట్లో గుడ్డు పేరెత్తితేనే సోమక్క మళ్లీ తలస్నానం చేస్తుంది. పిండికి జిగురు వస్తే చాలు కదా అనుకొని, చిక్కటి గంజి పోసి కలిపాడు. చీజు అనే మాటకు నిఘంటువులో జున్ను అని ఉంది. వాడకట్టులో కొత్తగా ఈనిన బర్రె ఏదీ లేనందున దాన్ని వదిలేశాడు. పిండిని పలుచగా వత్తి, పోగులుగా కోసి, నీడన ఆరవేయమన్నారు. వాకిట్లో బట్టల దండెం కనిపించింది. దాన్ని శుభ్రంగా తుడిచి పోగులు వేలాడదీశాడు. పన్నెండేళ్లుగా నూలు సర్దిన చేతులాయె, వాటి అలవాటు అవి మానుకోలేదు. పిడికెడు పిడికెడు పోగులు తీసి, మెలితిప్పి, అచ్చం దుకాణంలోని నూలు చుట్టల్లా, చిలపలుగా వరసగా వేశాయి. తర్వాత అతను లోపలికెళ్లి, టమాటాలన్నీ, ఉల్లిగడ్డలన్నీ గంగాళంలో వేసి పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి అది నెత్తురులా ఎర్రగా కుతకుతలాడసాగింది.

సరిగ్గా అప్పుడే కొత్తవాడ నుంచి నేతగాడు యాకయ్య వచ్చాడు. నలభై నంబరు సన్ననూలు ఎక్కడా దొరకక అతని మగ్గం ఆగి మూడు వారాలయింది. ఆదివారమైనా సరే, సావుకారిని ఇంటి దగ్గరే అడిగిపోదామని వచ్చాడు. వాకిట్లో అడుగుపెట్టి, దండెం చూసి అక్కడే నిలబడిపోయాడు. తెల్లటి చిలపలు! దగ్గరికి పోయి వాసన చూశాడు. మగ్గానికెక్కే నూలుకు పెట్టే గంజి! వంటింటి వైపు తొంగిచూశాడు. గంగాళంలో ఎర్రరంగు మరుగుతోంది, సావుకారి వీపు ఇటు పెట్టి గరిటెతో కలుపుతున్నాడు.

"సావుకారీ, గిది ఏడికెల్లి వచ్చింది?" అన్నాడు యాకయ్య.

"ఇటలీది యాకయ్యా!" అన్నాడు సారంగపాణి వెనక్కి తిరగకుండానే. "ముట్టకు, ఇంక తడి ఆరలే. తెగుతది."

"మరి గా ఎరుపు?"

"దీంట్ల ముంచాలె. అప్పుడుంటది సూడు దాని మజా!"

"మాకేమన్న ఇస్తవా?"

"ఎక్కడిదయ్యా, ఇంట్లోల్లకే సరిపోదు!"

యాకయ్య మడమలు వీపుకు తగిలేలా కొత్తవాడకు పరుగెత్తాడు.

అక్కడ ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి పోయేసరికి నాలుగు చిలపలు నలభై బేళ్ల మూటలయ్యాయి. అరగంట తిరిగేసరికి సారంగపాణి వాకిట్లో అరవై మంది నిలబడ్డారు. ముందు నేతగాళ్ల సంఘం అధ్యక్షుడు వెంకట్రాజం, ఇస్త్రీ పంచెలో, చంకలో గొడుగుతో ఉన్నాడు.

"సారంగపాణి సేటూ! మేము మగ్గాలు పండవెట్టి కూసుంటే, నువ్వు ఇటలీ నూలు తెచ్చి దాసుకుంటానవా?"

గరిటెతో బయటికి వచ్చిన సారంగపాణికి ముందు నవ్వు వచ్చింది. "నూలు గాదే! తినేది!"

ఎవరూ నవ్వలేదు. "నూలు తింటరా?" అంది యాకయ్య భార్య మొగిలమ్మ. "మమ్ములను ఏమనుకుంటానవ్ సావుకారీ?"

అప్పుడు సారంగపాణికి సంగతి అర్థమైంది. తండ్రి నాటి దుకాణం. నూలు దాచాడన్న మాట ఈ పూట వాకిలి దాటితే, రేపటి నుంచి ఒక్క నేతగాడు గడప తొక్కడు. ఇక ఆలోచించలేదు. దండెం మీది చిలప ఒకటి లాగి, పచ్చిదే నోట్లో కుక్కుకున్నాడు.

నమిలాడు. గంజి, మైదా కలిసి అంగిలికి బంకలా పట్టుకున్నాయి. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే రాదు. "ఊఁ... ఊఁ..." అంటూ ఖాళీ చెయ్యి ఊపాడు.

గుడి నుంచి తిరిగి వచ్చిన సోమక్కకు కనిపించింది ఇదీ: వాకిలి నిండా జనం, నడుమ కొడుకు, వాడి నోటికి రెండు పక్కలా వేలాడుతున్న తెల్లటి దారాలు.

"అయ్యయ్యో! నా కొడుకు నూలు తింటాండు!" అని ఆమె గుండెలు బాదుకుంది. "గా పుస్తకం పిచ్చి తలకెక్కింది! పట్టుకోండ్రి, దవాఖానకు తీస్కపోండ్రి!"

నలుగురు మగవాళ్లు సారంగపాణిని కాళ్లూ చేతులూ పట్టుకొని గాల్లోకి లేపారు. అతను గింజుకున్నాడు. చేతిలోని గరిటె గిర్రున తిరిగి, అందులోని ఎర్రటిదంతా వెంకట్రాజం పంచె మీద పడింది.

"రంగే!" అని అరిచాడు వెంకట్రాజం. "సూడుండ్రి, రంగే! దొరికిండు!"

మొగిలమ్మ వంగి పంచె అంచు వాసన చూసింది. "అన్నా, రంగు ఉల్లిగడ్డ వాసనొస్తాంది."

వెంకట్రాజం మరకను వేలితో తీసి, అటూ ఇటూ చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు. అందరూ అతని నోరే చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

సారంగపాణిని కింద పెట్టారు. అత్త వెనకే వచ్చిన అరుణ పూలబుట్ట పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపింది. "అందరు జర కూసోండ్రి. ఉడకబెట్టి పెడత. తిన్నంక మీరే చెప్పుండ్రి, నూలో బువ్వో."

చిలపలను మరిగే నీళ్లలో వేసి, ఎండుమిరపకాయలు, ఆవాలు, కరివేపాకు పోపు పెట్టి, ఉప్పు సరిచూసి ఎరుపు కలిపింది. కానీ ఉన్నది నలుగురికి, వచ్చింది అరవై మంది. మొగిలమ్మ మిగిలిన పిండి ముందు కూర్చుని, సారంగపాణి కోసిన పోగు ఎత్తి చూసి, "గిది పోగా? మోకు లెక్కున్నది" అని పక్కన పడేసింది. ఆమెతో పాటు ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్లు చేతులు కలిపారు. వాళ్ల వేళ్ల కింద పిండి వెంట్రుక మందాన సాగింది. ఇంకో మైదా బస్తా తెప్పించారు. సారంగపాణి దండెం నిండి, పక్కింటి దండెం నిండి, ఎదురింటి వాళ్ల మంచాలు కూడా వాకిట్లోకి వచ్చాయి. మధ్యాహ్నానికి అరవై విస్తళ్లు లేచాయి. ఇంకా ఎవరన్నా మిగిలారా అని వెంకట్రాజమే, ఎర్రపంచెతో, వరసల మధ్య తిరిగి అడిగాడు.

యాకయ్య చివరి పోగు దాకా తిని చేయి కడుక్కున్నాడు. "మంచిగనే ఉన్నది సావుకారీ. గని నూలైతే ఇంక మంచిగుండు."

సారంగపాణి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. "రేపు పొద్దుగాల బండికే హైదరాబాదు పోతాన యాకయ్యా. నూలు లేకుంట మాత్రం తిరిగి రాను" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. గురువారం నాడు నలభై నంబరు బేళ్లు దుకాణం ముందు దిగాయి. మొదటి చిలప యాకయ్య చేతికే ఇచ్చాడు. యాకయ్య ఒక పోగు తెంపి, వెలుతురుకు పెట్టి చూసి, నోట్లో వేసుకొని కాసేపు నమిలాక గాని చిలప సంచిలో వేసుకోలేదు.