చలి పుట్టించిన కారు

ఎండ ఎక్కకముందే అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళి మోకాలు చూపించాలని ఆ ఉదయం అనుకున్నారు. అల్లుడు కారు చుట్టూ ప్రదక్షిణలు చేసి, బానెట్ ఎత్తి, ఓ గొట్టాన్ని నిమిరి, దాన్ని వీధిలోకి తెచ్చేసరికి ఎండ ఎక్కనే ఎక్కింది.

ఆ కారు పెళ్ళికి ముందునుంచీ ఉన్నది. భార్య దాన్ని కారు అనదు, "మా సవతి" అంటుంది. ఇంజను వేడెక్కి, నడిరోడ్డు మీద ఆవిరి కక్కుతూ నిలబడిపోవడం దాని అలవాటు. కిందటి నెల కూరగాయల సంచులతో సహా ఇంటిదాకా నెట్టుకొచ్చాక, ఆమె గడపలోనే తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగిందా, మర్నాడే పాత ఇనుముకి. తర్వాత మీరు నిద్రాహారాలు మానేసినా నాకనవసరం."

బెదిరిపోయిన అల్లుడు ఆదివారమంతా ఇంజను ముందు కూర్చున్నాడు. ఇంజను సలసల కాగుతున్నా రేడియేటరు చేతికి చల్లగానే తగిలింది. అంటే కాగిన నీళ్ళు చల్లబడే చోటికి పోవడం లేదు. మధ్యలో కాపలా ఉండి, నీళ్ళు కాగగానే దారి వదలాల్సిన థర్మోస్టాట్ పనిచేయడం లేదు. రోగం సరిగ్గానే పట్టాడు. కొత్తది తెచ్చి తనే బిగించాడు. మెకానిక్‌కి చూపించమని భార్య అంటే, "గుప్పెడంత బిళ్ళకి మెకానిక్ ఎందుకే?" అన్నాడు. స్ప్రింగు వైపు ఇంజనులోకి ఉండాలని అతనికి ఎవరూ చెప్పలేదు. అతను ఎవరినీ అడగనూ లేదు.

కాలు చాపుకోవడానికి వీలని అత్తగారు ముందు సీట్లో కూర్చున్నారు. వెనక భార్య, ఆమె పక్కన మామగారు. ఆయన హెడ్మాస్టరుగా చేసి దిగిపోయారు. తప్పులు ఎదుటివాళ్ళు చేస్తారని, తను దిద్దుతానని ఆయన నమ్మకం.

రైల్వే గేటు దగ్గర ఇంజను వేడి చూపించే సూది కదిలింది. గేటు ఎత్తేసరికి ఎర్రగీతను తాకబోతోంది. హీటరు వేస్తే ఇంజను వేడి కొంత కారులోకి వచ్చేస్తుందని ఎక్కడో విన్న మాట అల్లుడికి గుర్తొచ్చింది. మీటను చివరిదాకా తిప్పేశాడు.

"అమ్మో, ఏమిటీ సెగ!" అత్తగారు కాళ్ళు పైకి లాక్కోబోయారు. మోకాలు ఒప్పుకోలేదు.

"హీటరు వేశానత్తయ్యగారూ."

"ఈ ఎండలోనా?" అంది భార్య వెనకనుంచి. "ఏమండీ, మళ్ళీ మొదలెట్టిందా మీ కారు?"

"కారుకేం, నిక్షేపంలా ఉంది. నాకే... కాస్త చలిగా ఉంది."

ఆ మాట ఎలా ఊడిపడిందో అతనికే తెలియదు. అయితే సూది మాత్రం కొంచెం దిగింది.

"చలేమిటి బాబూ, చెమటలు ధారకట్టేస్తుంటే!"

"అవి చలి చెమటలు," అన్నారు మామగారు. "మా బళ్ళో డ్రిల్లు మాస్టారికి అచ్చం ఇలాగే వచ్చింది."

"తర్వాత ఏమైంది నాన్నగారూ?"

"ఏముంది, ఇంకో డ్రిల్లు మాస్టార్ని వేశారు."

ఊపిరాడక అల్లుడు అద్దం దించబోతే అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. "జ్వరంలో ఎదురుగాలా? ఎత్తండి బాబూ, ఎత్తండి." నాలుగు అద్దాలూ ఎత్తించి, తన శాలువా తీసి అతని భుజాల చుట్టూ బిగించి, కొసలు మెడ వెనక ముడివేశారు. మామగారు చొక్కా గుండీలన్నీ విప్పుకున్నారు. సూది దిగుతున్నకొద్దీ మనుషులు ఉడికిపోతున్నారు.

"ఎన్నాళ్ళనుంచి ఉందండీ ఈ జ్వరం?" భార్య ముందుకు వంగింది. "ఆ ఎండలో ఇంజను ముందు కూర్చున్నారు, నేనేమో తిట్టిపోశాను. నేనంత రాక్షసిననుకున్నారా, ఒక్క మాట చెప్పకూడదూ?"

ఆమె అంత మెత్తగా మాట్లాడి చాలా కాలమైంది. నిజం చెప్పేద్దామని తెరిచిన నోరు అల్లుడు మళ్ళీ మూసుకున్నాడు.

"ఓ పక్కన ఆపండి. నీళ్ళు తాగి వెళ్దాం," అంది భార్య.

"ఆపను!" అని అరిచాడతను. "చచ్చినా ఆపను!"

"జ్వరం తలకెక్కి సంధి మాటలొచ్చేశాయమ్మా," అని అత్తగారు బావురుమన్నారు.

ఆసుపత్రిలో ఆవిడ తన మోకాలి సంగతే మరిచిపోయి, తన వంతు అల్లుడికిచ్చి లోపలికి నెట్టారు. లోపల ఉన్నది ఎముకల డాక్టరు. జ్వరం చూసి ఎన్నాళ్ళయిందో, ఎంతో ఉత్సాహంగా చూశాడు. అంతసేపు సెగలో ఉడికిన ఒళ్ళు. థర్మామీటరు జ్వరమనే చెప్పింది.

"చలి ఎక్కడ మొదలైంది?"

"రైల్వే గేటు దగ్గర," అన్నాడు అల్లుడు నిజాయితీగా.

డాక్టరు అతని కళ్ళలోకి లైటు వేసి చూసి, సాయంత్రందాకా పడుకోబెట్టి సెలైను ఎక్కించమన్నాడు. బట్టలు తెస్తానని మామగారు కారు తాళాలు అందుకున్నారు.

అల్లుడు మంచం మీదనుంచి సగం లేచాడు. "మామయ్యగారూ, హీటరు వేసుకుని..."

"నాకేం జ్వరమా? మీరు పడుకోండి."

మామగారు తిరిగి బస్సులో వచ్చారు. ఆడవాళ్ళిద్దర్నీ మందుల కోసం పంపి, తలుపు దగ్గరికి వేసి, మంచం మీదికి వంగారు. ఆ మనిషి మొహంలో అంత దైన్యం అల్లుడు ఎన్నడూ చూడలేదు.

"అల్లుడుగారూ, మీ కారు చంపేశాను. మన ఇంటి గేటు ముందుకు రాగానే బుస్సుమని పొగలు కక్కి పడిపోయింది. మీరింత జ్వరంలో ఒక్కసారీ ఆపకుండా తెచ్చారు, ఒంట్లో బాగున్నవాణ్ణి, నేను పాడుచేశాను. అమ్మాయికి తెలిస్తే నా పరువు పోతుంది."

అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. బాధ వల్ల అనుకున్నారు మామగారు. "పోనీలెండి," అన్నాడు చివరికి, పెద్ద మనసు చేసుకున్నవాడిలా. "మీ అమ్మాయి చూడకముందే మెకానిక్‌ని పిలిపించండి, చాలు."

రెండు రోజుల తర్వాత, ఇంట్లో పడుకున్న అల్లుడి మీదికి మామగారు మళ్ళీ వంగారు, ఈసారి కోపంగా. "తప్పు నాది కాదండీ! ఎవడో థర్మోస్టాట్ తిరగేసి బిగించాడట. బుర్రున్నవాడెవడూ అలా పెట్టడట. ఎవడా మెకానిక్, చెప్పండి, వెళ్ళి కడిగిపారేస్తాను."

"ఊరు విడిచి వెళ్ళిపోయాడండీ."

"బతికిపోయాడు."

ఆ సాయంత్రమే మామగారు కూతుర్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పుకొచ్చారు. కారు ఎక్కడా ఆగలేదు, తుమ్మలేదు. ఆమె దిగుతూనే తీర్పు చెప్పింది.

"పాపం, బంగారంలాంటి కారు. అమ్మే మాటే లేదు. నాన్నగారి చేతిలో ఎంత బుద్ధిగా నడిచిందో! మీకే ఒంట్లో శక్తి లేదు. డాక్టరు ఎండలో తిరగొద్దన్నారు కదా, మీరింక దాని జోలికి వెళ్ళకండి."

చూపించాల్సిన మోకాలు ఇంకా అలాగే ఉంది కనుక, మర్నాడు ముగ్గురూ మళ్ళీ ఆసుపత్రికి బయలుదేరారు. అల్లుడు కోరుకున్నట్టే కారు ఇంటికి దక్కింది. అది గేటు దాటి హాయిగా వెళ్ళిపోవడం అతను కిటికీలోంచి చూశాడు.