భూకేంద్రం వేడికి కోతలు

భూమి నడిబొడ్డున ఎంత వేడి ఉండాలో నిర్ణయించే అధికారం భూమికి లేదు. అది భూకేంద్ర ఉష్ణోగ్రతా నిర్ధారణ మండలిది. (భూమికి అభ్యంతరాలేవైనా ఉంటే తగిన మార్గం ద్వారా పంపుకోవచ్చు.)

విషయం చిన్నదే. భూమి మధ్యలో ఉన్నది అచ్చమైన ఇనుము కాదు. అందులో గంధకం, ఆక్సిజన్, సిలికాన్, హైడ్రోజన్ లాంటి తేలిక మూలకాలు కలిసి ఉన్నాయి. అవి కలిస్తే ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది కనుక, కేంద్రం మనం అనుకున్నంత వేడిగా ఉండనక్కర్లేదు. ఎంత తక్కువ అన్నదే గొడవ. మండలి ఒక్కో మూలకానికి ఒక్కో సెక్షన్ పెట్టి, ఎక్కువ డిగ్రీలు తగ్గించినవాళ్ళకు ఎక్కువ కుర్చీలు అని నిబంధన చేసింది. అప్పటి నుంచీ భూమి చల్లబడుతూనే ఉంది.

హైడ్రోజన్ సెక్షన్‌లో ఉన్నది ఒక్కడే శాస్త్రవేత్త. అందరూ అతణ్ణి గాలిబుడగ అంటారు. (కాస్త ముద్దుగానే.) ఇనుమునూ హైడ్రోజన్‌నూ రెండు వజ్రాల మధ్య పెట్టి నొక్కి, కరిగించి, కళ్ళు కాయలు కాచేలా చూసి, అతను ఒక అంకె తేల్చాడు. నిజాయితీ గల అంకె, కాబట్టి చిన్నది. ఈసారి గట్టెక్కకపోతే సెక్షన్ మూసేసి అతణ్ణి సముద్రపు ఉప్పు విభాగానికి తోసేస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి తిండి సయించడం లేదు.

సమావేశంలో గంధకం పెద్దాయన గట్టిగా కోశాడు. సిలికాన్ మేడమ్ అంతకు రెట్టింపు కోసింది. గాలిబుడగ కూడా గుండె దిటవు చేసుకుని తన అంకె పక్కన ఓ సున్నా చేర్చాడు. (సున్నాకు విలువ లేదని బళ్ళో చెప్పారు కదా అని సర్దిచెప్పుకున్నాడు.) అందరి కోతలూ కూడితే భూకేంద్రం ఆ సమావేశపు గది కన్నా చల్లగా తేలింది.

అధ్యక్షుడు లెక్క చూసి తల పైకెత్తాడు. "ఏసీ ఇంకాస్త పెంచండయ్యా. కేంద్రం కన్నా గదే చల్లగా ఉండాలి, బయట తెలిస్తే బాగోదు."

వణుకుతూనే బేరాలు సాగించారు. ఒక్కో సెక్షన్ కొంచెం దిగింది. చివరికి హైడ్రోజన్ వంతు వచ్చింది.

"నిజం చెప్పవోయ్ గాలిబుడగా," అన్నాడు అధ్యక్షుడు. "నీ లెక్కలో అసలు ఎంత తగ్గింది?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గాలిబుడగకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. అంకె నాలుక చివరి దాకా వచ్చింది.

"మీరు ఎంత ఇప్పిస్తే అంతే సార్," అన్నాడు.

సెక్షన్ నిలబడింది. ఇంటికెళ్ళి భార్యకు చెబితే ఆమె ఊపిరి పీల్చుకుంది.

"పోన్లెండి, గండం గడిచింది. ఇంతకీ ఆ లోపల ఎంత వేడుందంటారు?"

"ఇంకా సంతకాలు కాలేదు," అన్నాడతను.