బాపురావు పటేల్ కారు గ్యారంటీ

ఈ లోకంలో గ్యారంటీ ఉన్నది ఒక్కటే: మా బాపురావు పటేల్ కారు! వానకు లేదు, కరెంటుకు లేదు, నిజాంసాగర్ కాలువలో నీళ్ళకు లేదు. చెరుకు రైతుల సొసైటీ కార్యదర్శిగా నేను ఈ సంగతి పూర్తి బాధ్యతతో ప్రకటిస్తున్నాను.

అరవై ఎనిమిదిలో వర్ని పక్కనున్న మా ఊరికి ఆ నల్లకారు వచ్చింది. కొత్త బండి, హైదరాబాదులో బుక్ చేసి ఏళ్ళకేళ్ళు ఎదురుచూశానన్నాడు పటేల్. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఎవరినీ తీయనివ్వలేదు. ఎండవేళ కూర్చుంటే అవి వీపుకు అంటుకునేవి. అయినా కారు కొత్తదని నలుగురికీ తెలియాలంటే ఒంటిమీది తోలు ఆ మాత్రం ఊడటం తప్పదు కదా. ముందు సీట్లో కూర్చుని ఊరి తరఫున ఆ బాధ నేనే ఎక్కువగా భరించాను.

గ్యారంటీ అంటే ఏమిటో పటేలే మాకు నేర్పాడు. కొత్త కారు కొంటే కంపెనీ మాట ఇస్తుందట. ఇన్ని నెలలనో ఇన్ని మైళ్ళనో గడువు పెడుతుందట, రెండిట్లో ఏది ముందు దాటితే అంతటితో సరి. ఈలోగా ఏ భాగం చెడినా తనే మారుస్తుందట. బయటి మెకానిక్ చెయ్యి పెడితే మాత్రం రద్దు. అన్నీ నిజాలే. మరి పాత కారుకో అని అడిగాను.

"పాత కారు గ్యారంటీ అమ్మెటోని నోట్లె ఉంటది సెక్రెటరీ సాబ్," అని నవ్వాడు. "వాడు బస్సెక్కిండంటే అది గూడ ఎక్కుతది."

ఎంత అనుభవంతో చెప్పాడో నాకు ఆనాడు తెలియలేదు.

రాను రాను గ్యారంటీలో షరతులు పెరిగాయి. పెళ్ళి ఊరేగింపుకు కారు అడిగితే, పూలదండలు కడితే గ్యారంటీ పోతుందన్నాడు. చెరుకు రైతు ఎర్రన్న తల్లి హన్మవ్వకు రెండు కళ్ళకూ పొరలొచ్చాయి. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపొమ్మని ఆమె బతిమాలితే, ముసలివాళ్ళను ఎక్కించుకోవద్దని కంపెనీ హుకుం అన్నాడు. నేను తల ఊపాను. పక్కన కూర్చునేవాడికి అంతకంటే పనేముంటుంది?

మాఘమాసంలో సొసైటీ సర్వసభ్య సమావేశం వచ్చింది. అధ్యక్ష పదవికి పటేల్ ఒక్కడే నిలబడ్డాడు. "కారుకు కంపెనీ గ్యారంటీ, మీకు నా గ్యారంటీ" అని ఉపన్యాసం రాసిపెట్టాను. ఇద్దరం చెరుకు తూచే కాటా దగ్గరి సభకు బయలుదేరాం. సగం దారిలో కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మెకానిక్ నర్సింలు కొట్టు కూతవేటు దూరంలోనే ఉంది. పిలుస్తానన్నాను.

"కొత్త కారుకు బయటోని చెయ్యా?" అన్నాడు పటేల్.

అంతలో వెనక ఎర్రన్న ఎడ్లబండి వచ్చింది. చివరి కోత, అరబండి చెరుకు. పైన హన్మవ్వ కూర్చుని ఉంది.

"ఎర్రన్నా, ఎడ్లిప్పు. కారు గుంజుకపోవాలె," అన్నాడు పటేల్.

"ఇయ్యాల తూకానికి మా నంబరున్నది పటేలా. పొద్దుగూకినంక కాటా మూస్తరు," అన్నాడు ఎర్రన్న.

"రేపు తూకమేసుకోరాదు?"

"ఇయ్యాల తప్పితే మల్ల వారందాక నంబర్ రాదు. చెరుకెండి సగం బరువు పోతది. గీ తూకమైతేనే అవ్వ కండ్ల ఆపరేషన్."

రెండిటినీ ఎడ్లు లాగలేవు. సభలో జనం ఎదురుచూస్తున్నారు. కాబోయే అధ్యక్షుడి మాట కాదంటే వచ్చే ఏడు నంబరే రాదన్న భయం ఎర్రన్నది. అతను కళ్ళు తుడుచుకుంటూ ఎడ్లను విప్పుతుంటే నేను ఉపన్యాసం కాగితాలు సర్దుకున్నాను. కార్యదర్శిని కదా!

హన్మవ్వ తడుముకుంటూ బండి దిగింది.

"పటేలా, ముసలోల్లను ఎక్కించద్దన్నది నీ కంపెనీ. చెరుకు ఎక్కించద్దన్నదా?"

పూలదండల నుంచి ముసలమ్మల దాకా షరతులన్నీ పెట్టాడు గానీ, చెరుకు సంగతి పటేల్‌కు తట్టనే లేదు. ఆయన నావైపు చూశాడు. నేను పెదవి విరిచాను.

"ఎడ్లు మావి. ఎన్కున్నది ఏదైనా మా బండే," అంది హన్మవ్వ. "ఎక్కియ్యి ఎర్రన్నా."

డిక్కీ నిండింది, వెనక సీటు నిండింది, ముందు నా సీటూ నిండింది, మిగిలిన కట్టలన్నీ టాపు మీదికి ఎక్కాయి. తాళ్ళు బిగించి, ఎడ్లను కారు ముందు కట్టారు. పటేల్ స్టీరింగు పట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా చెరుకు టాపు మీద గరగర రాసుకుంటోంది. నా సీట్లో కూడా చెరుకే ఉండటంతో, ఉపన్యాసం చంకలో పెట్టుకుని వెనక నడిచాను.

కాటా దగ్గర గుమాస్తా లింబయ్య కలం ఆపి నన్ను చూశాడు. "సార్, వాహనం అన్నకాడ ఏమని రాయాలె?"

నిబంధన ప్రకారం ఆలోచించాను. "ఎడ్లు లాగేది ఎడ్లబండి."

ఎర్రన్న నంబరు దక్కింది. సభ కోసం వచ్చిన జనమంతా చుట్టూ మూగి, తాళ్ళు విప్పి, టాపు మీది కట్టలు లాగారు. కట్టలతో పాటు నల్లరంగు కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. అడుగున టాపంతా పసుపుపచ్చగా మెరిసిపోతోంది.

హైదరాబాదు వెళ్ళి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నలుపు మీద పచ్చ టాపు ఏ బండికి ఉంటుందో వాళ్ళకు తెలుసు.

పటేల్ తొణకలేదు. "కొత్త బండి కదా. శుభమని కంపెనీవాల్లే ముందుగాల పసుపు పూస్తరు."

పసుపు పండించే జిల్లా మాది. అయినా అంత పసుపు ఎవరూ ఎరగరు. అలవాటు కొద్దీ తల ఊపింది నేనొక్కణ్ణే.

హన్మవ్వ ముందుకొచ్చి, టాపు మీద చెయ్యిపెట్టి, మొహం దగ్గరగా పెట్టి చూసింది.

"నా కండ్లకు గూడ అవుపడ్తున్నది కొడుకా. పోయినేడు నాంపల్లి టేషన్‌కాడ గిసొంటిదే ఎక్కిన. కిరాయి బండి."

దాంతో గ్యారంటీ గడువు తీరింది. ఇక బయటివాడి చెయ్యి పడితే భయం లేదు కనుక నర్సింలును పిలిచాం. పెట్రోలు గొట్టంలో చెత్త ఉంది. అతను నోటితో ఊదాడు, కారు స్టార్టయింది.

సభ వాయిదా వేస్తున్నట్టు ప్రకటించాను. పటేల్ ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి బయలుదేరబోయాడు. అప్పటికే వెనక సీట్లో ప్లాస్టిక్ కవరు పక్కకు తోసి, మూట ఒళ్ళో పెట్టుకుని హన్మవ్వ కూర్చుని ఉంది. పక్కన ఎర్రన్న.

"నిజామాబాద్ దవాఖానకు పోనియ్యి," అంది. "మీటర్ ఊడబీకినట్టున్నరు. కిరాయెంతో ముందుగాలనే చెప్పు బిడ్డా."